జానెడు చెండు

పోయిన నెలలో మా తమ్ముడు గోపి ఫోన్ చేశాడు. కాడుగోడిలో మా పాత ఇంటికి రంగులు వేయిస్తూ అటక ఖాళీ చేయిస్తున్నాడట. "అక్కా, ఇక్కడ పాత చీర ముక్కలో చుట్టిన ఉండ ఒకటి ఉండాది. ఫుట్‌బాల్ మాదిరి ఉండాది, అంతా నార. సుమ్నే, ఊరికే దుమ్ము. పారేస్తా ఉండా" అన్నాడు. "పారేశావంటే కాళ్ళు విరగ్గొడతా! నేనొచ్చేదాకా దాని మీద చెయ్యి పడిందో, చూడు మరి" అన్నాను. మనవరాల్ని ఎత్తుకున్న మనిషి, బీపీ మాత్రలు మింగే మనిషి, అయినా అక్క అరిస్తే ఈనాటికీ సర్దుకుంటాడు. "సరేలే తల్లీ, పూజ చేస్తా ఉంటా దానికి, వచ్చి తీసుకో" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మడివాళలో బస్సెక్కి, తర్వాత మెట్రో మారి బయల్దేరాను. నా మోకాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఇది చిన్న ప్రయాణం కాదని అర్థమవుతుంది. కిటికీలోంచి అద్దాల మేడలు వరసగా పోతుంటే, నాకు మాత్రం తడిసిన అరటినార వాసన వచ్చింది. ఏసీ పెట్టెలో నార వాసనేంటని నవ్వుకున్నాను గానీ, వచ్చిందంటే వచ్చింది.

మా ఇంట్లో ఆ వాసన ఎప్పుడూ ఉండేది. పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన ఒక పాత బాన, అందులో నానుతున్న అరటినార, దాని మీద ఒక రాయి. పొద్దున్నే కట్టెల పొయ్యి మీద రాగి సంగటి ఉడుకుతుంటే ఆ పొగా, ఈ నారా, కుండీలో మరువమూ కలిసి ఒకటే వాసనయ్యేది. సంగటి కెలకడం అమ్మ పని, ముద్దలు చేయడం అవ్వ పని. అవ్వ అంటే మా అమ్మ తల్లి. చెయ్యి తడుపుకుని, కాలే సంగటిని రెండు చేతుల మధ్య నాలుగు తిప్పులు తిప్పి కంచంలో వేసిందంటే, ఎటు చూసినా ఒకటేలా ఉండేది ముద్ద. నేను చేస్తే అది కూర్చునేది, నీరసమొచ్చిన ముసలిదాని మాదిరి. "ఇది ముద్దా, పిడకా?" అనేవాడు మా నారాయణ మామ. అమ్మకి తమ్ముడు, ఇంటికి పెద్ద దిక్కు. మా నాన్న లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు గనక ఇంట్లో మాట చెల్లేది మామదే. చెడ్డవాడు కాదు. నోరు మాత్రం జాస్తి.

అవ్వకి ఇంకో పనుంది. పెళ్ళయిన మర్నాడో ఆ సాయంత్రమో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఎదురెదురుగా కూర్చుని పూలచెండుతో ఆడుకుంటారే, ఆ చెండు మా చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా అవ్వే చుట్టాలి. కూలికి కాదు, ఆకూ వక్కా చేతిలో పెడితే చాలు. నడుముకి కట్టిన సంచిలోంచి ఒక వక్క తీసేది. దాని చుట్టూ తడినార. ప్రతి చుట్టుకీ ఉండని కాస్త తిప్పి, మళ్ళీ చుట్టు, మళ్ళీ తిప్పు. "వక్క యాల అవ్వా?" అని అడిగితే, "నడాన ఏదో ఒకటి గట్టిది ఉండాల మే. అది జరిగిందంటే చెండు వంకర పోతాది" అనేది. కొబ్బరికాయంత అయ్యాక నూలుదారం ఒకటి తీసి అడ్డంగా కొలిచేది, నిలువుగా కొలిచేది, మూలగా కొలిచేది. ఒక్క పోగు తేడా వచ్చినా విప్పేసేది. "అడ్డానికి ఒకటి, నిలువుకి ఒకటి వస్తే అది చెండు కాదప్పా, గుమ్మడికాయ" అనేది. ఆ నార ఎండాక దాని మీద కనకాంబరం దండ చుట్టడం. పైన నడినెత్తి దగ్గర మొదలుపెట్టి, వరస పక్కన వరస, నార కనబడకుండా కింది దాకా. అర జాన వెడల్పు చెండుకి నాలుగు మూరల దండ. అది అవ్వకి నోటి లెక్క. పూలు కొనేటప్పుడు మాత్రం మూర అవ్వది కాదు, మామది. మామ చెయ్యి పొడుగు. "కొనేదానికి వాడి చెయ్యి, ఇచ్చేదానికి నా చెయ్యి" అని నవ్వేది అవ్వ, పళ్ళు ఎర్రగా.

ఇన్ని గుండ్రాల మధ్య పెరిగినదాన్ని, గోళమంటే ఏమిటో తెలియక చావుకొచ్చిందంటే మీరు నమ్ముతారా? మా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. గోళం అక్కడా గోళమే గనక భాష మీద తోసెయ్యడానికి లేదు. మా లెక్కల మేష్ట్రు బోర్డు మీద ఒక వృత్తం గీసి, ఒక పక్క సుద్దతో నీడ రుద్ది, "ఇది గోళ" అనేవారు. నాకది నీడపడిన వృత్తంలాగే కనిపించేది. "నడిమి బిందువు నుంచి ఒకే దూరంలో ఉన్న బిందువులన్నీ" అని పుస్తకంలో ఉంది. వృత్తానికీ అదే చెప్పారు కదా మొన్న? పైగా దాని ఉపరితలానికి నాలుగు పై ఆర్ స్క్వేర్ అని ఒక సూత్రం. ఆ నాలుగు ఎక్కణ్ణుంచి ఊడిపడింది? పై మీద ప్రేమ లేదు నాకు, ఆర్ మీద లేదు, ఆర్ నెత్తిన కూర్చున్న ఆ చిన్న రెండంటే మరీ మంట. బట్టీ పట్టాను. పొయ్యి ముందు, బావి దగ్గర, జడ వేయించుకుంటూ కూడా మంత్రంలా చదివేదాన్ని. అరసంవత్సరం పరీక్షలో "గోళం అంటే ఏమిటి?" అని అడిగితే "గుండ్రంగా ఉండేది" అని రాసి, కింద ఒక వృత్తం గీశాను. మేష్ట్రు ఆ పేజీ క్లాసులో ఎత్తి చూపించి, "ఏనమ్మా సరస్వతీ, ఇదు దోసెనా?" అన్నారు. అందరూ నవ్వారు. లెక్కల్లో తప్పాను.

ఆ సంగతి ఇంట్లో తెలిసిన రోజే మామ తేల్చేశాడు. మా పద్మ పిన్నికి, అంటే అమ్మ చెల్లెలికి, అప్పుడే దేవనహళ్ళి సంబంధం కుదిరింది. ఇంట్లో అవ్వకి చేతికింద ఉన్నది పిన్నే. "పద్మ పోతే అవ్వకి ఎవరుండారు? లెక్కలు రానిదానికి పదో తరగతి యాల? పెద్ద పరీక్షలో కూడా తప్పిందంటే ఇంట్లోనే ఉండనీ, సంగటి ముద్ద చేసేదన్నా నేర్చుకుంటాది" అన్నాడు. అమ్మ పొయ్యి ఊదుతూ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోవడమంటే ఒప్పుకున్నట్టే. పిన్ని చదువు కూడా ఇలాగే, ఎవరూ గట్టిగా వద్దనకుండానే, ఆగిపోయింది. నాకు చదువంటే పిచ్చి ప్రేమేమీ లేదు, ఉన్నమాట చెబుతున్నాను. కానీ పొద్దున్న ఆ గుమ్మం దాటి రైలుకట్ట వెంబడి బడికి నడిచే ఆ కాస్త దూరముందే, అది పోతుందనే నా బాధంతా. పెరట్లో నార బాన పక్కన కూర్చుని ఏడ్చాను. అవ్వ చూసింది. "ఏడ్చి ఏమొస్తాది మే, నార పిండు" అంది.

పెళ్ళి దగ్గరపడింది. ముందురోజు మధ్యాహ్నం పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ దిగింది. మనిషి నిండుగా ఉంది, మాట ఇంకా నిండుగా ఉంది. అరుగు మీద ఆరబెట్టిన కొబ్బరికాయంత చెండు చూసి మూతి తిప్పింది. "ఏమప్పా ఇది, నిమ్మకాయా? మావోడు ఆరడుగులు ఉండాడు. వాడి చేతిలో ఇది ఉంటే ఊరంతా నగదా? దీనికి రెండింతలన్నా ఉండాల" అంది. అవ్వకి పౌరుషం పొడుచుకొచ్చింది. "రెండింతలే కదమ్మా, చేస్తా" అని అప్పటికప్పుడు పాత చెండు మీదే నార చుట్టడం మొదలుపెట్టింది. వక్క అదే, నడుమ అదే. నూలుదారంతో కొలిచి, జానెడు వెడల్పు వచ్చేదాకా చుట్టి, పొయ్యి సెగకి ఆరబెట్టింది. దండ లెక్క కూడా అప్పుడే కట్టేసింది. చెండు రెండింతలైతే దండా రెండింతలే. నాలుగుకి ఎనిమిది. మామ వాన తుంపర్లో సైకిలేసుకుని రైల్వే స్టేషన్ దగ్గర పూలమ్మేవాళ్ళ దగ్గరికి పోయి ఎనిమిది మూరలు కొలిచి తెచ్చాడు.

అవ్వ చుట్టడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని దండ చిక్కుపడకుండా అందిస్తున్నాను. ఒక మూర అయింది, రెండు అయ్యాయి. నాలుగు మూరలు, అంటే పాత చెండుకి మొత్తం సరిపోయే దండ, అయిపోయేసరికి ఈ చెండుకి నెత్తిన టోపీ పెట్టినట్టుంది, అంతే. అవ్వ చెయ్యి ఆగింది. ఆ చెయ్యి ఆగడం నేను అంతకుముందు చూడలేదు. "ఏమప్పా ఇది, దండ పోతానే ఉండాది, చెండు నిండేదే లేదు" అంది. మామ అందుకున్నాడు. "పూలామె మోసం చేసింది. నేను కొలిచేటప్పుడు అది కొస పట్టుకుని దండ సాగదీసింది." అమ్మ, కట్టు వదులుగా ఉంది గనక నలిగి తగ్గిందంది. మేనత్తగారు లోపల మంచం మీద నిద్రపోతోంది గనక అందరూ గుసగుసగానే పోట్లాడుకుంటున్నారు. అవ్వ మాత్రం చుట్టిన వరసల్ని కాస్త ఎడంగా జరపబోయింది. జరిపితే మధ్యలో నార కనబడింది, బట్టతల మాదిరి. అవ్వ మొహం వాడిపోయింది. తన కూతురి పెళ్ళికే తన చెండు తప్పింది మరి.

అప్పుడు నా నోట్లో ఆ మంత్రం తిరుగుతోంది. అలవాటు కొద్దీ, అర్థం లేకుండా. నాలుగు పై ఆర్ స్క్వేర్, నాలుగు పై ఆర్ స్క్వేర్. ఒళ్ళో తుండుగుడ్డ ఉంది, పూల తడికి కప్పినది. ఏం చెయ్యాలో తోచక దాన్ని మడుస్తున్నాను. ఒకసారి అడ్డంగా మడిచాను. ఇంకోసారి నిలువుగా. వెడల్పు సగమైంది, పొడుగు సగమైంది. వేళ్ళ మధ్య మాత్రం మడతలు రెండు లేవు, నాలుగున్నాయి. విప్పాను. మళ్ళీ మడిచాను. నాలుగే. ఇక ఆ క్షణం ఏమైందో సరిగ్గా చెప్పలేను గానీ, ఆర్ నెత్తిన కూర్చున్న ఆ చిన్న రెండు నన్ను చూసి కన్ను కొట్టింది. అవ్వ దండ చుట్టేది లోపలికి కాదు, పైన తోలుకి. ఆ తోలే గోళం! ఆ తోలు ఈ గుడ్డలాంటిది. అడ్డంగానూ పెరిగింది, నిలువుగానూ పెరిగింది. రెండింతలు కాదు, రెండు రెళ్ళు.

"ఎనిమిది కాదు అవ్వా, పదహారు కావాల" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. మామ కళ్ళెర్రజేశాడు. "లెక్కల్లో తప్పినదానివి, నువ్వా చెప్పేది?" నేను తుండుగుడ్డ అవ్వ ముందు పరిచాను, మడిచాను, విప్పాను. "చూడు అవ్వా, ఈ చిన్న మడత పాత చెండు. వెడల్పు రెండింతలు చేస్తే ఇన్ని గుడ్డలు పడతాయి." అవ్వ మడతలు వేలితో ఒక్కొక్కటే తడిమింది. మామే అన్నాడు, "సరే, నువ్వు చెప్పింది నిజమైతే ఈ ఎనిమిదీ అయ్యేసరికి సరిగ్గా సగం రావాల కదా? నడుముకి దారం కట్టండి. దండ దాని దగ్గర ఆగిందంటే నేను ఈ వానలో మళ్ళీ పోతా. ఆగకపోతే రేపట్నించి ఇది బడికి పోయేది లేదు." పెద్ద పరీక్ష దాకా ఉన్న గడువు అరుగు మీదికి, ఆ పూటకి వచ్చేసింది. అవ్వ నూలుదారం తీసి చెండు నడుముకి కట్టింది. నేను దండ అందిస్తున్నాను, అవ్వ చుడుతోంది. వరస పక్కన వరస. ఐదో మూర, ఆరో మూర. ఏడో మూరకి దారం ఇంకా దూరంగానే కనిపించింది. నేను కళ్ళు మూసుకున్నాను. పిన్ని, పసుపు పూసుకున్న పెళ్ళికూతురు, వెనక నుంచి వచ్చి నా భుజం పట్టుకుంది. "ఆగింది మే" అంది అవ్వ. కళ్ళు తెరిస్తే దండ కొస దారం మీద పడుకుని ఉంది. బాబోయ్, ఆ ఊపిరి! ఇన్నేళ్ళలో ఎన్నో గండాలు గడిచాయి, కానీ అంత హాయిగా ఊపిరి వదిలింది మళ్ళీ గుర్తులేదు. ఏడుస్తూ నవ్వాను. మామ నవ్వలేదు. గొంగడి నెత్తినేసుకుని సైకిలెక్కాడు.

ఇంకో ఎనిమిది మూరలు వచ్చాయి. పెళ్ళి పూలని పూలామె జానెడు కొసరు వేసిందట. చెండు కింది దాకా నిండింది, నార చుక్కంత కూడా కనబడలేదు. ఆ కొసరు మిగిలింది. అవ్వ దాన్ని తుంచి, ఎవరినీ అడక్కుండా, నా జడలో పెట్టింది. మర్నాడు ఆటలో ఆరడుగుల పెళ్ళికొడుకు విసిరిన చెండు మేనత్తగారి ఒళ్ళోనే పడింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది" అంది. అంతకుమించి ఆవిడ నోట ఎవరికీ దక్కదట. చుట్టాలు కదిలాక మామ భోజనానికి కూర్చుంటే అవ్వ సంగటి వేస్తూ అడిగింది. "ఏమప్పా నారాయణా, దీన్ని బడి మాన్పిస్తే, మళ్ళీ ఎవరన్నా ఇంత చెండు అడిగితే లెక్క ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?" మామ ముద్ద పులుసులో ముంచుకుని మింగాడు. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు.

అవ్వ వాడిన పూలు దులిపేసి ఆ నారచెండు నాకిచ్చింది. "పరీక్ష అయ్యేదాకా నీ దగ్గరే ఉంచుకో" అంది. మేష్ట్రుకి ఈ కథంతా చెబితే ముందు నవ్వారు, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సూత్రంలో ఉన్న నాలుగూ, నా గుడ్డ మడతల నాలుగూ ఒకటి కాదన్నారు. చెండు చిన్నదైనా పెద్దదైనా ఆ మొదటి నాలుగు మారదట. రెండింతలకి నాలుగింతలు చేసింది ఆ చిన్న రెండట. అయితే ఆ మొదటి నాలుగేమిటని ఇంటికొచ్చి నేనే తేల్చుకున్నాను. చెండుకి సన్నటి పురికొస దగ్గరదగ్గరగా మొత్తం చుట్టాను. తర్వాత చెండంత వెడల్పున్న వృత్తాలు వాకిట్లో ముగ్గుపిండితో గీసి, ఆ పురికొస విప్పి ఒక్కొక్కదానిలో చాపచుట్టలా చుట్టుకుంటూ పోయాను. నాలుగు నిండాయి. అక్కడితో కొస అయిపోయింది. "వాకిలంతా దోసెలు పోశావేమే!" అని అమ్మ చీపురు తీసుకుని వచ్చింది గానీ, నాలుగో వృత్తం నిండేదాకా ఆగింది. పెద్ద పరీక్షలో గోళం గురించి రాస్తున్నప్పుడు బొమ్మ గీయలేదు. నడుమ నుంచి ఎటు కొలిచినా ఒకే దూరంలో ఉండే తోలు అని రాశాను. లెక్కల్లో గట్టెక్కాను. మొదటి మార్కులేమీ కావు, గట్టెక్కాను.

లెక్కల టీచర్నయ్యాననుకునేరు, కాలేదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసి రిటైరయ్యాను. గోళం ఉపరితలం ఎంతని నన్ను జీవితంలో మళ్ళీ ఎవరూ అడగలేదు. అయినా నా జీతం, నా గది, ఎవరి మొహం చూడకుండా బస్సెక్కి తిరిగే నా ఈ ఇష్టం, అన్నీ ఆ నడుము దారం దగ్గర ఆగిన దండ పుణ్యమే. ఆ రోజులు బంగారమని నేను అనను. ఆడపిల్ల చదువు ఎనిమిది మూరల పూల మీద వేలాడే రోజులు బంగారమెలా అవుతాయి? ఇప్పుడు గోపి మనవరాలు ఫోన్‌లో గోళాన్ని వేలితో గిరగిరా తిప్పుతుంది, కోసి చూస్తుంది, మళ్ళీ అతికిస్తుంది. ఆ పిల్ల లెక్కల్లో తప్పితే ఇంట్లో ట్యూషన్ పెట్టిస్తారు తప్ప బడి మాన్పించే మాట ఎవరికీ తోచదు. పెళ్ళిళ్ళలో చెండ్లు థర్మోకోల్‌వి, వాటి మీద పూలు ప్లాస్టిక్‌వి. పోనీ అనిపిస్తుంది. వాసన పోయింది గానీ భయం కూడా పోయింది కదా, నాకు ఈ బేరం నచ్చింది.

కాడుగోడి ఇంట్లో గోపి చెండుని నిజంగానే కుర్చీ మీద పెట్టి ఉంచాడు. ఎలకలు ముట్టలేదు. నార చెరకుపిప్పిలా ఎండి తేలికైపోయింది. చేతిలోకి తీసుకుంటే లోపల టక్కుమంది. "అక్కా, లోపల ఏమో ఉండాది! కోసి చూద్దామా?" అన్నాడు. "కోస్తే నిన్ను కోస్తా. అది అవ్వ వక్క" అన్నాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. టక్కు, టక్కు. ఎండి చిక్కిపోయి, పట్టు వదిలేసి, అటూ ఇటూ తిరుగుతోంది. నడుమ ఉన్నది జరిగితే చెండు వంకర పోతాదని చెప్పింది కదా అవ్వ. గోపి మనవరాల్ని పిలిచి దారం ముక్క తెమ్మన్నాను. అడ్డంగా చుట్టాను, గోరుతో గుర్తు పెట్టుకున్నాను. నిలువుగా చుట్టాను. మూలగా చుట్టాను. గుర్తు దగ్గరికే వచ్చింది, ఒక్క పోగు తేడా లేదు. మా అవ్వ లెక్క తప్పడం నేను చూసింది అది రెండోసారి.